సరస్సు మీద కారు, చేప కడుపులో కీ

మానవజాతి ఎట్టకేలకు దొంగను జయించింది. కారు దొంగతనం అనే ప్రాచీన విద్యను ఇమ్మొబిలైజర్ అనే చిన్న డబ్బా సమూలంగా నాశనం చేసిందని కంపెనీవారు తమ పుస్తకం మొదటి పేజీలోనే ప్రకటించారు. తన కీ కనిపిస్తే తప్ప ఆ డబ్బా బండిని కదలనివ్వదు. బతిమాలినా కదలనివ్వదు, తిట్టినా కదలనివ్వదు. (రెండూ చేసి చూశాను.) దాని లెక్కలో లోకంలో ఉన్నది రెండే రకాల మనుషులు: కీ ఉన్నవాళ్లు, దొంగలు. మార్చి నెలాఖరున ఒక ఆదివారం నాడు నేను మొదటి రకంలోంచి రెండో రకంలోకి మారాను.

చలికాలమంతా మా ఊరివాళ్లలాగే నేనూ గడ్డకట్టిన సరస్సు మీదికి కారు తోలుకెళ్లి, మంచులో కన్నం తొలిచి, పీట వేసుకుని చేపలు పడతాను. ఆ రోజు గాలం బరువుగా లాగింది. ఆశగా వంగాను. కోటు పైజేబులోంచి కీ జారి సరిగ్గా కన్నంలో పడింది. వెండి రంగు కీ కదా, నీళ్లలో తళుక్కుమంది. కింద తిరుగుతున్న పైక్ చేప, మొసలి మూతి ఉన్న మా సరస్సు రాక్షసి, నోరు తెరిచి దాన్ని గుటుక్కున మింగింది.

పక్క కన్నం దగ్గర కూర్చున్న నా చిన్ననాటి స్నేహితుడు ఆర్వో అంతా చూశాడు.

"ఒరేయ్ రైమో, నీ కారు కీ చేప మింగేసిందిరా."

"చూశాను."

"మంచి చేపరా. బాగా బలిసింది."

దుఃఖ సమయంలో మా దేశస్థులు ఇంతకంటే ఎక్కువ మాట్లాడరు.

కారు ఒడ్డుకు చాలా దూరంలో, సరస్సు నడిబొడ్డున ఉంది. వసంతం వస్తే మంచు కరుగుతుంది, మంచు కరిగితే కారు అడుగుకు పోతుంది. ఇది భౌతికశాస్త్రం. ఇంట్లో ఇంకొక శాస్త్రం ఉంది. ఈ కారు కొనొద్దని నా భార్య హిల్కా మొదట్నుంచీ మొత్తుకుంది. "ఇనప కీ ఉన్న పాత బండికి ఏమొచ్చింది? మేకుకి తగిలిస్తే మేకుకే ఉండేది" అంది. వినలేదు. ఆ కారంటే నాకు ప్రాణం. అది మునిగితే ప్రాణంతో పాటు పరువు కూడా మునుగుతుంది.

కంపెనీకి ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం వినిపించాక, తాళంచెవుల అస్తిత్వ నిర్ధారణ అధికారిణి శ్రీమతి లిండ్రూస్ లైన్లోకి వచ్చింది. మర్యాదస్తురాలు. ఆ తర్వాతి వారాల్లో ఆమె ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, ఒక్క పని కూడా చేయలేదు.

"కీ పోయిందండీ. కొత్తది కావాలి."

"అయ్యో పాపం. ఎక్కడ పోయిందో తెలుసాండీ?"

"తెలుసు. పైక్ చేప కడుపులో ఉంది."

అవతల టకటకా టైపు చేసిన చప్పుడు. "అయితే పోలేదు కదండీ."

"అదేంటండీ?"

"ఎక్కడుందో తెలియనిదాన్నే పోయిందంటాం. మీకు తెలుసన్నారు."

"తెలిస్తే ఏం లాభం? నా చేతిలో లేదుగా!"

"చేతిలో లేకపోవడం వేరే విభాగమండీ. వాళ్లు సెలవులో ఉన్నారు."

"అమ్మా, కారు నాది!"

"రైమో గారూ, మా దగ్గర కీ ఎవరి దగ్గరుంటే వాళ్లే యజమాని. కీ లేని మీ మాట నమ్మి కొత్తది ఇచ్చామనుకోండి, రేపు అసలు యజమాని వచ్చి నిలదీస్తే ఏం చెప్పమంటారు?"

(అసలు యజమాని ఆ సమయంలో మంచు కింద చిన్నచేపల్ని తరుముతోంది.)

చివరికి ఆమె జాలిపడి ఒక దారి చూపించింది. వరుసగా వారం రోజులు కారు తన కీని దరిదాపుల్లో పసిగట్టకపోతే, ఆ కీ గతించినట్టు కంపెనీ అధికారికంగా ప్రకటిస్తుంది. కొత్త కీ మర్నాడే పోస్టులో వస్తుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మంచు మీద పీట వేసుకుని కారుకు కాపలా కూర్చున్నాను. వారం నిండబోతుండగా, ఉన్నట్టుండి కారు దీపాలు రెండుసార్లు కన్ను గీటాయి. పక్క అద్దాలు చెవుల్లా విచ్చుకున్నాయి. నా ఫోన్ మోగింది: "స్వాగతం రైమో! మీ కీ దగ్గరలోనే ఉంది."

కాళ్ల కింద కన్నంలోకి చూశాను. పొడుగాటి నీడ ఒకటి తీరిగ్గా వెళ్లిపోయింది. లెక్క మళ్లీ మొదటికొచ్చింది.

"శుభవార్తండీ, మీ కీ క్షేమంగా ఉంది" అంది శ్రీమతి లిండ్రూస్ ఫోన్లో. నిజంగానే సంతోషించింది.

చేప అలవాటు అర్థమైంది. వారం నిండే ముందు అది తప్పకుండా వచ్చి కారును పలకరించి పోతోంది. ఊరంతా గాలాలు పట్టుకుని దాని మీద పడ్డారు. సరస్సులోని మిగతా చేపలన్నీ పట్టారు గానీ దాన్ని పట్టలేకపోయారు. బండ్లు లాక్కెళ్లే సంస్థను పిలిచాను. రోడ్డు పేరు అడిగారు. సరస్సు అన్నాను. ఇంటి నంబరు అడిగారు. అగ్నిమాపక శాఖవారు మరింత సూటిగా మాట్లాడారు.

"మునిగిందా?"

"ఇంకా లేదు."

"మునిగాక ఫోన్ చేయండి. మునగని కారు మా పరిధిలోకి రాదు."

మంచు మీద నీళ్లు తేలడం మొదలైంది. ఆర్వో ఇక ఆగలేక ట్రాక్టరు తెచ్చాడు. కారుకు గొలుసు కట్టాడు. ఊరు ఊరంతా ఒడ్డున నిలబడింది. కాసేపట్లో పనైపోయేదే. ఇంతలో నా ఫోన్ మోగింది. పైకి చదివాను: "మీ కారును కీ లేకుండా కదిలించే ప్రయత్నం జరుగుతోంది. ఇది నిషిద్ధం. దయచేసి మానుకోండి."

ఆర్వో ట్రాక్టరు ఆపాడు. "దయచేసి అన్నారా?"

"అన్నారు."

చుట్టుపక్కల పురుగు కూడా లేని రోడ్డు మీద ఎర్రదీపం పడితే బుద్ధిగా నిలబడే జాతి మాది. ఆర్వో కిందికి దిగి గొలుసు విప్పడం మొదలుపెట్టాడు.

"సొంత కారు లాక్కోడానికి ఒకళ్ల పర్మిషనేంటి? లాగండయ్యా!" అని ఒడ్డు మీంచి హిల్కా గొంతు చించుకుంది.

"నిషిద్ధమట, హిల్కా" అన్నాడు ఆర్వో దిగులుగా. గొలుసును శుభ్రంగా తుడిచి, చుట్ట చుట్టి మరీ తీసుకెళ్లాడు. ఆ ట్రాక్టరు వెనక్కి తిరిగి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. నేనూ అతన్ని ఆపలేదు. నిషిద్ధమని రాశారుగా.

మా ఊళ్లో ఏటా వసంతంలో ఒక పందెం జరుగుతుంది. మంచు మీద ఒక పాత పీపా పెడతారు. అది ఏ రోజు మునుగుతుందో సరిగ్గా చెప్పినవాళ్లకు కాఫీ పొట్లం బహుమతి. ఊరి సంఘం కార్యదర్శి ఒనెర్వా మా ఇంటికొచ్చి నా భుజం తట్టింది.

"ఏమీ అనుకోకు అబ్బాయ్. ఎలాగూ కారు ఉంది కదా, ఈ ఏడు పీపా ఎందుకులే అని సంఘం తీర్మానించింది."

"పోనీ, నేను కూడా ఒక తేదీ చెబుతాను."

"నువ్వు కూడదు నాయనా. కారు నీది, అన్యాయం అవుతుంది."

కారు నాదని ఒప్పుకున్న సంస్థ ఇదొక్కటే. ఊళ్లోవాళ్లంతా వరసగా వచ్చి నన్ను ఓదార్చి, పోతూ పోతూ తేదీ రాసి పోయారు.

మే నెల మొదట్లో ఒక మధ్యాహ్నం మంచు ఫెళ్లుమంది. కారు ముందుకు వంగి, ఏ హడావిడీ లేకుండా నీళ్లలోకి దిగిపోయింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. నీట మునిగితే ప్రయాణికుల ప్రాణరక్షణ కోసం కిటికీలు వాటంతటవే తెరుచుకునే ఏర్పాటు ఆ కారులో ఉంది. తెరుచుకున్నాయి కాబోలు. కాసేపటికి సరస్సు అడుగున దీపాలు దేదీప్యమానంగా వెలిగాయి. జేబులో ఫోన్ మోగింది: "స్వాగతం! కీ కారు లోపల ఉంది. ఇంజిన్ సిద్ధం. దయచేసి సీటు బెల్టు పెట్టుకోండి."

ఒడ్డున జనం చప్పట్లు కొట్టారు. కాఫీ పొట్లం గెలిచింది నా భార్య.

"నా మీద ఆమాత్రం నమ్మకం లేదా హిల్కా? మునుగుతుందని పందెం కాశావా?"

"నీ మీద నమ్మకం సంగతి వదిలెయ్. ఆ కంపెనీ మీద మాత్రం నాకు పూర్తి నమ్మకం."

సాయంత్రం శ్రీమతి లిండ్రూస్ తనే ఫోన్ చేసింది. "చూశారా, కీ పోలేదని మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను."

"ఇప్పుడు కారు పోయిందండీ!"

"అయ్యో. ఎక్కడుందో తెలుసాండీ?"

"సరస్సు అడుగున."

"అయితే అదీ పోలేదు" అని ఆమె నా ఫైలు మూసేసింది. నియమం ప్రకారం కీ ఉన్నవారి పేరున కారు మారిందని, నా పేరు తొలగించామని కాసేపటికి సందేశం కూడా వచ్చింది.

సరస్సులో పడేసిన కారును వెంటనే తీయించమని పోయిన వారం పురపాలక కార్యాలయం నోటీసు పంపింది. ఆ కారు ఇప్పుడు నాది కాదని, యజమాని అందులోనే కాపురం ఉంటోందని, కంపెనీ సందేశం జతచేసి జవాబు రాశాను. నా వాదనతో పూర్తిగా ఏకీభవిస్తున్నామని, అయితే యజమానికి పోస్టు చేరే చిరునామా లేనందున నోటీసులన్నీ ఇకముందు కూడా నాకే పంపుతామని తెలియజేశారు.