మకరసీమ సర్వసైన్యాధ్యక్షుడు

ఆ ఆదివారం పొద్దున గున్నయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి రెండు సైన్యాలను సముద్రపు ఒడ్డున నిలబెట్టాలి, ఎనిమిదింటికి యుద్ధం గెలవాలి, తొమ్మిదింటికి ఇంటికొచ్చి భార్య చిన్నమ్మి వండిన కూరలో ఉప్పు తక్కువైందని తిట్టాలి. మూడోది రోజూ చేసేదే కాబట్టి దానికి రిహార్సల్ అక్కర్లేదు.

కాశీబుగ్గలో పెళ్ళి వీడియోలు తీసే రాజేష్, యూట్యూబ్‌లో పెట్టడానికి ఓ సినిమా తీస్తున్నాడు. అందులో మకరసీమ అనే దేశం ఉంది. దేశమన్నాక సైన్యం ఉండాలి. కవిటి పక్కన కొబ్బరితోటల ఊళ్ళో ఉండే గున్నయ్య మిలటరీలో పద్దెనిమిదేళ్ళు చేసి వచ్చాడని అందరికీ తెలుసు. మన వైపు మిలటరీకి మనిషిని పంపని ఊరు లేదు, సెలవుకొచ్చి టీ కొట్టు దగ్గర శత్రువును చంపని మనిషీ లేడు. గున్నయ్య రిటైరై పన్నెండేళ్ళయినా ఇంకా చంపుతూనే ఉన్నాడు.

నిజానికి ఆయన ఆ పద్దెనిమిదేళ్ళూ చేత పట్టుకున్నది గరిట. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు, చిన్నమ్మికి అసలే తెలియదు. తెలిస్తే పన్నెండేళ్ళ పరువు ఒక్కపూటలో గంగలో కలుస్తుంది.

"మావా, సైన్యాన్ని నువ్వే తయారుసెయ్యాల. నీకంటే తెలిసినోడెవుడున్నాడు?" అన్నాడు రాజేష్. గున్నయ్య మీసం దువ్వుకుని ఒప్పుకున్నాడు.

మకరసీమ తరఫున ఒడ్డునున్న జాలరిపేట నుంచి పోలారావు వెంట వచ్చిన నలభై మంది మత్స్యకారులు. శత్రుదేశం తరఫున జలంత్రకోట కొబ్బరి రైతులు నలభై మంది. కత్తులు కొబ్బరి మట్టలు. డాళ్ళు జీడిపప్పు డబ్బాల రేకులు. వాటి మీద 'పలాస జీడిపప్పు, పది కేజీలు' అన్న అక్షరాలు ఎంత గీకినా పోలేదు. అశ్వదళం కింద ఆరు బైకులు వచ్చాయి గాని రాజేష్ ఒప్పుకోలేదు. మొదటి బాణానికే చచ్చే శత్రుసైనికుడి వేషం ఈ కథ రాస్తున్నవాడికి దక్కింది. నటన చూసి ఇచ్చిందే.

ఈల వేస్తే అలల హోరులో వినపడలేదు. "ఇసకదిబ్బెక్కి ఎర్ర తువ్వాలు తిప్పుతాను. తిప్పగానే పరిగెట్టాల," అని ఉత్తర్వు వేశాడు గున్నయ్య.

పోలారావు తల గోక్కున్నాడు. "తువ్వాలొద్దు మావా. మా కాడ తువ్వాలు తిప్పితే..."

"మిలట్రీలో ఎదురు మాటుండదు! సెప్పింది సెయ్యి!"

పోలారావు వెళ్ళి తన వాళ్ళ వరసలో నిలబడ్డాడు. అంతలో రాజేష్ ఫోన్ ఊపుకుంటూ వచ్చాడు.

"మావా, మంచి కబురు! మన సైన్యాన్ని సూడ్డానికి టెక్కలి నుంచి రిటైర్డు సుబేదారు కూర్మనాథం గారొత్తన్నారు. మీ రెజిమెంటేనట!"

కూర్మనాథం గున్నయ్య చేతి వంట పదేళ్ళు తిన్న మనిషి. గున్నయ్య గబగబా సేనాపతి వేషం గడ్డం అంటించుకుని, కిరీటం కనుబొమల దాకా దించుకున్నాడు. ఇది చాలదన్నట్టు మొగుడి యుద్ధం చూద్దామని చిన్నమ్మి ఆటో దిగింది.

"ఏటయ్యా, ఆ గడ్డమేటి?"

"సేనాపతికుంటాదిలే. నువ్వెల్లి నీడన కూకో."

కూర్మనాథం వచ్చి కుర్చీలో కూర్చున్నారు. గున్నయ్య దిబ్బెక్కి తువ్వాలు తిప్పాడు.

ఆ తీరంలో దిబ్బ మీద నుంచి తువ్వాలు తిప్పారంటే చేపల గుంపు వచ్చిందని అర్థం. ఎవరే పనిలో ఉన్నా వలకు పరుగెత్తాలి. తాడు పట్టిన ప్రతివాడికీ చేపల్లో వాటా ఉంటుంది. కొబ్బరితోటల గున్నయ్యకు ఆ ఆనవాయితీ తెలియదు. మకరసీమ సైన్యం కత్తులు పారేసి, శత్రువుకు వీపు చూపించి, పడవను నీళ్ళలోకి నెట్టింది. "ఎనక్కి రండ్రా!" అని అరుస్తూ ఆయన తువ్వాలును ఇంకా జోరుగా తిప్పాడు. ఆ జోరు చూసి పక్క పేట జనం కూడా పరుగెత్తుకొచ్చారు. వాటా మాట చెవిన పడగానే శత్రుసైన్యమూ తాడు పట్టింది. అందరికంటే ముందు పట్టినవాడు, మొదటి బాణానికి చావాల్సినవాడే.

రెండు గంటలు లాగితే వల నిండా కానాగంత చేపలు. నిజంగానే గుంపు వచ్చింది. మకరసీమ గూఢచారి విభాగం సరిగ్గా చేసిన పని అదొక్కటే, అదీ తెలియక.

అప్పటికి అందరి కడుపులూ కాలుతున్నాయి. పేటలోంచి డేగిసాలు తెచ్చి ఒడ్డునే పులుసు మొదలుపెట్టారు. ఒకడు చేప ముక్కల్ని గరిటతో గిరగిరా తిప్పుతుంటే గున్నయ్య ఓర్చుకోలేకపోయాడు.

"ఓరోరి! ముక్క సితికిపోతాదిరా! ఇటియ్యి!"

కిరీటం పక్కన పెట్టాడు. పొయ్యి సెగకు గడ్డం ఊడింది, చూసుకోలేదు. ఇద్దరిని ఉల్లిపాయలకు, నలుగురిని కట్టెలకు, పదిమందిని ఆకులకు పురమాయించాడు. పొద్దుటి నుంచి ఒక్క మాట వినని సైన్యం ఇప్పుడు నోట్లోంచి మాట రావడమే ఆలస్యంగా కదిలింది. గంటలో నూటయాభై మందికి విస్తళ్ళు పడ్డాయి.

కూర్మనాథం మొదటి ముద్ద నోట పెట్టుకుని ఆగిపోయారు. గరిట పట్టుకున్న మనిషిని తేరిపార చూశారు.

"ఒరేయ్, నువ్వు మా లంగరు గున్నయ్యవి కదూ!"

తింటున్న చేతులన్నీ ఆగిపోయాయి.

"లంగరంటే ఏటి బాబూ?" అంది చిన్నమ్మి.

"వంటశాల తల్లీ. పద్దెనిమిదేళ్ళూ మీ ఆయన అక్కడే. ఓసారి మంచుకి దారి మూసుకుపోయి తొమ్మిది రోజులు సరుకు రాలేదు. ఉన్న పిండితోనే కంపెనీ మొత్తానికి రెండుపూటలా వేడి రొట్టె పెట్టాడు. నేను పేల్చిన తూటాల్లో ఒక్కటీ గుర్తులేదు. ఆ రొట్టెలు గుర్తున్నాయి."

గున్నయ్యకు సిగ్గూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఇక ఊళ్ళో తలెత్తుకోలేననుకున్నాడు.

"ఇన్నాల్లూ సెప్పలేదేటి మావా!" పోలారావుకు నిజంగానే కోపం వచ్చింది. "మా సెల్లి పెల్లికి కాశీబుగ్గ నుంచి వంటోల్లని తెచ్చుకుని సప్పిడి కూర తిన్నాం!"

అవునవునని అందరూ అందుకున్నారు. పోతుందనుకున్న పరువు పోకపోగా, మూడు పెళ్ళిళ్ళ వంట అక్కడికక్కడే ఖాయమైంది.

చిన్నమ్మి మాత్రం నవ్వలేదు. ఇంకో గరిటెడు పులుసు వేయించుకుని, నిదానంగా తిని, చెయ్యి కడుక్కుని వచ్చింది.

"పన్నెండేల్లు. ఉప్పు తక్కువని ఓనాడు, కారం ఎక్కువని ఓనాడు నా మీద కేకలేసినావు. నీకు వంటొచ్చేటి?"

యుద్ధవిద్యలన్నిటిలోనూ గున్నయ్యకు ఆ క్షణాన ఒక్కటే గుర్తొచ్చింది. రెండు చేతులూ పైకెత్తాడు.

మకరసీమ సైన్యం ఆ రోజే రద్దయింది. దాని సేనాపతి మాత్రం రోజూ అయిదింటికే లేచి పొయ్యి వెలిగిస్తున్నాడు. ఉప్పు తక్కువైతే చెప్పడానికి చిన్నమ్మి ఉంది.