రెండు గొడుగుల ఫైవ్‌జీ

ఫైవ్‌జీ కంపెనీలు ఎప్పుడూ ఇలాగే కొట్టుకోవాలి! రాజీ పడ్డాయంటే ఈ దీవిలో, ప్రోతరాపూర్ అవతల మా గుట్ట జనం ఆరోగ్యం ఏం కావాలి?

నేను మాటకారిని కాను. చూసింది రాస్తున్నాను.

మా బస్‌స్టాప్ దగ్గర రెండు గొడుగులు వెలిశాయి. పచ్చగొడుగు కింద ఫణికుమార్, పసుపుగొడుగు కింద వాడి తమ్ముడు మణికుమార్. చెరో కంపెనీ సిమ్ములు అమ్ముతారు. అన్నం ఒకే క్యారేజీలోంచి తింటారు.

"మాది సొంత కాళ్ల మీద నిలబడ్డ ఫైవ్‌జీ భయ్యా! ఆడిది పాత ఫోర్‌జీ భుజాలెక్కింది," అంటాడు ఫణి.

"ఎక్కితే ఏటి? ముందొచ్చింది మేమే!" అంటాడు మణి.

ఇంత విజ్ఞానం ఏ బడిలో చెబుతారు?

ఇక వ్యాయామం. పచ్చ కంపెనీ సిగ్నల్ బస్‌స్టాప్‌లోనే అందుతుంది. పసుపుది గుట్ట పైన, అక్కడ ఇల్లున్న దేముడమ్మ బట్టలారేసే తాడు దగ్గరే. అందుకే ఊళ్లో పసుపు ఫోన్లన్నీ లంగాల పక్కన క్లిప్పులకు వేలాడుతుంటాయి. మోగితే దేముడమ్మ కేకేస్తుంది, జనం పరిగెత్తుతారు. పాపం మణి, తన గొడుగు కింద తన సిగ్నల్ ఎన్నడూ చూడలేదు!

మొన్నామధ్య ఈ భాగ్యం మా గుట్ట యర్రమ్మకు దక్కింది. పక్క దీవి హట్‌బేలో కూతురు సింధూరికి నెలలు నిండాయి. కౌంటర్లో ఓడ టికెట్లు అయిపోయాయి, ఆన్‌లైన్లో కొన్ని మిగిలాయి. టికెట్ పేజీ ఫణి ఫోన్లో, బస్‌స్టాప్‌లో తెరుచుకుంది. టికెట్ యర్రమ్మ పేర కాబట్టి ఓటీపీ ఆమె పసుపు ఫోన్‌కు, గుట్ట మీదికొచ్చింది.

ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటారా? కాల్ వస్తే ఫణి ఫోన్లో నెట్ ఆగిపోతుంది. పేజీ పోతుంది. పైనుంచి కేకేద్దామంటే బస్సుల మోతలో అంకెలు తెలియవు.

యర్రమ్మ అంకెలు అరచేతిలో రాసుకుని దిగింది. గడువు తీరింది. మళ్లీ ఎక్కింది. మళ్లీ తీరింది. మూడోసారి దిగేసరికి అన్నదమ్ములు ఇంకా వాదించుకుంటున్నారు.

"నిలబడ్డాదో, భుజాలెక్కిందో నాకేటి తెలుస్తాదిరా? నా పిల్లకి నొప్పులొచ్చేలోగా టికెట్టొస్తాదా? సీదా బోల్!"

ఫణి తన ఫోన్ ఆమె వైపు తిప్పి చూపించాడు. టికెట్లు అయిపోయాయి. ఓడ వెళ్లిపోయింది.

నాలుగో రోజు హట్‌బే నుంచి ఓడ దిగిన నూకయ్య కబురు తెచ్చాడు. "ఆడపిల్ల, దీదీ. ఇద్దరూ బాగున్నారు. నొప్పుల్లో పిల్ల నిన్నే పిల్చిందట."

యర్రమ్మ అరచెయ్యి చీరకు తుడుచుకుంది.

కంపెనీల వారికి ఒక్క మనవి. పోరాటం ఆపకండి. ఎవరు గెలిచినా మాకు సంతోషమే. ఓడినవారి టవరు మాత్రం పారెయ్యకుండా మా గుట్టకు పంపండి.