ఎనిమిది ఇళ్ళ కుట్టుమిషన్

మా వీధిలో పేదరికం పోయిన ఏడాది పూర్తిగా నిర్మూలించబడింది. ఈ శుభవార్త మాకు కొంత ఆలస్యంగా అందింది. సంస్థవారు తమ వార్షిక నివేదికలో అచ్చు వేయించుకున్నాక గాని మాకెవరికీ తెలియలేదు. ముందే తెలిసి ఉంటే ఆ మధ్య బియ్యం అరువు పెట్టిన కొట్టువాడికి కాస్త ధైర్యంగా మొహం చూపించేవాళ్ళం.

సదరు సంస్థ చిన్న వ్యాపారాలకు చిన్న అప్పులిస్తుంది. ఇల్లు, బంగారం తాకట్టు అడగదు. ఎనిమిది మంది ఆడవాళ్ళు ఒక గుంపుగా ఏర్పడి, ఒకరు వాయిదా ఎగ్గొడితే మిగతా ఏడుగురూ కడతామని ఒప్పుకుంటే చాలు. ఇరుగుపొరుగుల ప్రేమ మీద ఇంత నమ్మకం పెట్టుకున్న సంస్థ లోకంలో మరొకటి ఉండదు.

నిబంధన ఒక్కటే. అప్పు వ్యాపారానికి మాత్రమే. కప్పు కారుతోందన్నా, పన్ను సలుపుతోందన్నా ఇవ్వరు. అవి అవసరాలు. వ్యాపారమైతే అభివృద్ధి. ఈ రెంటికీ ఉన్న తేడాను మా వీధికి ఓపికగా బోధించినవాడు సంస్థ ఉద్యోగి. వారం వారం వసూలుకు వస్తాడు గనక అతన్ని వాయిదాల బాబు అంటాం. కుట్టుమిషన్ అని రాస్తే అప్పు మూడు రోజుల్లో వస్తుందనీ, వేరే ఏది రాసినా పైవాళ్ళు ప్రశ్నలడుగుతారనీ అతనే రహస్యంగా చెప్పాడు. ఆ విధంగా మా వీధిలో ఒకే రోజు ఎనిమిది కుట్టుమిషన్లు మంజూరయ్యాయి.

గుంపుకు పెద్ద లీడరమ్మ. ఆవిడ తన కుట్టుమిషన్‌తో ఇంటికి కొత్త రేకులు వేయించుకుంది. పక్కింటావిడ కుట్టుమిషన్ ఆవిడ అత్తగారి కంట్లో శుక్లాలు తీయించింది. చూపు రాగానే ఆ పెద్దావిడ మొట్టమొదట వంటింటి గోడ మీది మసిని గుర్తుపట్టి కోడలి పెంపకం గురించి నాలుగు మాటలంది. ఆపరేషన్ విజయవంతమైందనడానికి అంతకన్న రుజువేం కావాలి? ఇంకొకావిడ కుట్టుమిషన్ కొడుకును కాలేజీలో చేర్పించింది. మూలింటావిడ రోజువారీ వడ్డీవాడి బాకీ మొత్తం ఒక్కసారే మొహాన కొట్టింది. వాడు పాపం, తల్లి పోయినప్పుడు కూడా అంతలా డీలా పడలేదు.

వాయిదాలు మాత్రం ఠంచనుగా కట్టారు. నలుగురిళ్ళలో పాచిపని చేసి, ఆఫీసుల్లో గదులు తుడిచి, ఎప్పటి కూలి డబ్బుల్లోంచే కట్టారు. ఒక్కరూ ఎగ్గొట్టలేదు. ఒక్కరూ కుట్టనూ లేదు.

వీధి మొత్తానికి కుట్టుపని వచ్చింది ఒక్కరికే. ఆమె లీడరమ్మకు స్వయానా తోడికోడలు. మిషనక్క అంటారు. పాత కాలిమిషన్ ఒకటి పెట్టుకుని చొక్కాలు, దిండు గలీబులు కుట్టి ఇల్లు నడుపుతోంది. ఆ మధ్య ఒక బడివాళ్ళు వచ్చి, సకాలంలో ఇవ్వగలిగితే పిల్లల యూనిఫారాలన్నీ నీకే ఇస్తామన్నారు. దానికి మోటారున్న మిషన్ ఇంకొకటి కావాలి. ఆమె వాయిదాల బాబు దగ్గరికి వెళ్ళింది. బాబు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, తిరస్కరించాడు. ఉన్నవాళ్ళకు కాదు, లేనివాళ్ళకే మిషన్లు ఇవ్వాలని సంస్థ ఆశయమట. పైగా ఈ వీధిలో ఇప్పటికే ఎనిమిది మంది దర్జీలు ఉన్నందువల్ల తొమ్మిదో మనిషికి గిరాకీ ఉండదట. ఆమె ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చుంది. ఆ పూట కుట్టిన చొక్కాలన్నిటికీ ఎడమ చెయ్యి పొట్టిగా వచ్చింది.

ఇంతలో సంస్థ అధ్యక్షులవారు మా వీధి ప్రగతిని కళ్ళారా తిలకించడానికి ఫొటోగ్రాఫర్లతో సహా వేంచేస్తున్నారని కబురొచ్చింది. వాయిదాల బాబు లీడరమ్మ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. తనిఖీలో తేడా వస్తే అతని ఉద్యోగం పోతుంది, గుంపుకు రెండో విడత అప్పు ఆగిపోతుంది. అది ఆగితే రోజువారీ వడ్డీవాడు తెల్లారేసరికి గుమ్మంలో ఉంటాడు. లీడరమ్మ ఆలోచించి, కొళాయి దగ్గర గొడవైనప్పటి నుంచీ మాటల్లేని తోడికోడలి ఇంటికి స్వయంగా వెళ్ళింది.

"చెల్లీ, నీ మిషన్ ఒక్క పూట కావాలే."

"ఎవరింటికి?"

"ఎనిమిదిళ్ళకీ."

మిషనక్క పళ్ళతో దారం తెంపింది. "దానికి కాళ్ళున్నాయి గాని నడవదక్కా. మోసుకెళ్ళాలి. ఇంటికింతని కూలివ్వాలి. ముందే ఇవ్వాలి."

ఇచ్చారు. చిన్న అప్పుల పథకం వల్ల మా వీధిలో నమోదైన తొలి వ్యాపార లాభం ఇదే.

ఆ రోజు ఏర్పాట్లు చూసి తీరవలసినవి. అధ్యక్షులవారు ముందు వీధిలో నడుస్తుంటే, మిషన్ వెనక సందులో నడిచింది. మిషనక్క మొగుడు దాన్ని తన తోపుడు బండి మీద తాళ్ళతో కట్టి తోస్తున్నాడు. ఆమె ఒక చేత్తో దాన్ని పట్టుకుని పక్కన పరిగెడుతోంది. ఒక ఇంట్లో టీలు, ఇంకో ఇంట్లో చప్పట్లు, మధ్యలో ఫొటోలు. ఆ సందున పెరటి తలుపుల్లోంచి మిషన్ దిగడం, ఎక్కడం. ఐదో ఇంట్లో అధ్యక్షులవారు మిషన్‌ను పరకాయించి చూశారు. అందరూ ఒకే కంపెనీ మిషన్, ఒకే రంగుది, చివరికి చక్రం మీద ఒకే చోట పెచ్చు ఊడినది కొనుక్కోవడం మహిళల ఐకమత్యానికి నిదర్శనమని వారు సెలవిచ్చారు. ఆరో ఇంట్లో ప్రసంగించారు.

"ఈ చక్రం తిరుగుతున్నంత కాలం మన దేశమూ తిరుగుతూనే ఉంటుంది."

అందరం చప్పట్లు కొట్టాం.

చివరిది లీడరమ్మ ఇల్లు. లోపలికి వస్తూ అధ్యక్షులవారి కోటు జేబు తలుపు గడియకు తగులుకుని చిరిగింది. వారు నవ్వుతూ కోటు విప్పి, ఒక్క కుట్టు వేసిపెట్టమని లీడరమ్మ చేతికే ఇచ్చారు. లీడరమ్మ ఆ మిషన్ వైపు పులిని చూసినట్టు చూసింది. తర్వాత నిటారుగా నిలబడింది.

"నేను యజమానిని సార్. కుట్టే మనిషి వేరే ఉంది." అని పెరట్లోకి కేకేసింది.

ఆయాసంతో మిషనక్క వచ్చింది. చెమట తుడుచుకుని కూర్చుని, జేబు కుట్టింది. చిరుగు ఎక్కడుందో వెతికినా కనబడలేదు. ఒక పేద మహిళ మరొక పేద మహిళకు ఉద్యోగం కల్పించిందని అధ్యక్షులవారికి కళ్ళు చెమర్చాయి. జీతం ఎంతిస్తున్నారమ్మా అని ఆమెనే అడిగారు.

మిషనక్క తోడికోడల్ని చూసింది. వాయిదాల బాబును చూసింది. కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చిన సంగతి గుర్తొచ్చిందో ఏమో.

"నేనెవరి దగ్గరా పని చెయ్యట్లేదండి. ఈ మిషన్ నాది. అప్పడిగితే మీవాళ్ళు నాకివ్వలేదు."

అధ్యక్షులవారికి మా భాష చక్కగా వచ్చు. అయినా వాయిదాల బాబు ముందుకొచ్చి అనువదించాడు.

"పరాయి మిషన్ అయినా సొంతంలా చూసుకుంటానంటోంది సార్."

అధ్యక్షులవారు కోటు తొడుక్కుని, ఈ భావన ప్రతి కార్మికుడిలోనూ కలగాలని ఆకాంక్షించారు. ఫొటో తీశారు.

నివేదికలో ఎనిమిది మంది యజమానులు, వారివద్ద ఎనిమిది మంది కార్మికులు అని పడింది. ఎనిమిది చోట్లా వాయిదాల బాబు రాసిన పేరు మిషనక్కదే కావడంతో, సంస్థ లెక్కల్లో ఆమె ఎనిమిది జీతాలు తీసుకునే మనిషిగా తేలింది. అంత రాబడి ఉన్న మనిషికి అప్పివ్వకపోవడం అన్యాయమని వాయిదాల బాబే కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చాడు. కుట్టుమిషన్ల కోటా అయిపోయిందనీ, మేకలైతే ఖాళీ ఉన్నాయనీ చెప్పాడు. ఆమె నాలుగు మేకలకు సంతకం పెట్టి మోటారు మిషన్ కొనుక్కుంది.

యూనిఫారాలు చెప్పిన రోజుకు బడికి చేరాయి. ఇప్పుడు లీడరమ్మ, ఇంకో ఇద్దరు ఆమె దగ్గర గుండీలు కుడుతున్నారు, వారం వారం కూలి తీసుకుంటున్నారు. తోడికోడళ్ళు మళ్ళీ మాట్లాడుకుంటున్నారు, ఎక్కువగా చేతులు పొట్టిగా కత్తిరించింది నువ్వంటే నువ్వని. పథకం లక్ష్యం ఏ వ్యాపారమో, ఆ వ్యాపారం నిజంగానే వెలిసింది. అయితే అది మేకల పద్దు కింద ఉన్నందువల్ల సంస్థవారి దృష్టికి ఇంతవరకు రాలేదు.

కోటు జేబు కుడుతున్న ఆ ఫొటో మొన్న ఆదివారం పేపర్లో వచ్చింది. మీరూ చూసే ఉంటారు. కష్టపడాలే గాని పేదరికం ఒక లెక్కా అని, మీ ఇంట్లో అంట్లు తోమే మనిషిని పిలిచి మరీ చదివి వినిపించే ఉంటారు. వచ్చే నెల జీతంలోంచి కాస్త ముందుగా ఇప్పించమని ఆమె అడిగితే, అలవాటు చేస్తే మంచిది కాదని మీరు చెప్పింది ఆ పొద్దుటే.