డ్రైవరుగారిని పట్టుకున్న పసుపు భయం

టిఫిను కాగానే ఆస్పత్రికి వెళ్ళి అక్కను ఇంటికి తీసుకురావాలన్నది ఆ ఉదయం డ్రైవరుగారి ఏర్పాటు. బస్సు నడపడం మానేసి చాలా ఏళ్ళయినా వీధిలో ఆయన ఇంకా డ్రైవరుగారే.

అక్కకు న్యుమోనియా వచ్చి తగ్గింది. ఊపిరితిత్తులు బాగుపడ్డాయి గానీ, ఆవిడ మాత్రం మంచం దిగనని మొండికేసింది. వ్యాయామం చేయించే అతను బతిమాలాడు, నర్సు కోప్పడింది, డాక్టరు బెదిరించాడు. "కాళ్ళు నావి. ఎప్పుడు నిలబడాలో నేను చెప్తాను" అందావిడ. ఇక లాభం లేదని డ్రైవరుగారి అల్లుడు చక్రాల కుర్చీ అద్దెకు తెచ్చి మెట్ల కింద పెట్టాడు.

కూతురు ఇల్లంతా కట్టుదిట్టం చేసింది. "అత్తకి మళ్ళీ ఇన్ఫెక్షన్ తగిలితే తట్టుకోలేదు. ఒంట్లో నలతగా ఉన్నవాళ్ళెవరైనా సరే, ఆవిడ దగ్గరికి పోవడానికి వీల్లేదు" అని తేల్చి చెప్పింది. ముందురోజు సాయంత్రం తండ్రి కోసం ఒక పెద్ద సీసా కూడా కొనుక్కొచ్చింది. విటమిన్లూ ఖనిజాలూ అన్నీ కలిపిన బిళ్ళలు. "రోగాలు దగ్గరికి రాకుండా, నాన్నా. మింగు." బొటనవేలంత బిళ్ళ. ఆయన కళ్ళు మూసుకుని మింగేశాడు.

తెల్లారి బాత్రూములోకి వెళ్ళినాయన అక్కడే నిలబడిపోయాడు. అంత పసుపు రంగు ఆయన జన్మలో చూడలేదు. పొగమంచులో బస్సుకు వెలిగించే దీపంలా ధగధగలాడుతోంది. ఒకవేళ నిజంగానే వెలుగుతోందేమోనని లైటు ఆర్పి కూడా చూశాడు. తన ఒంట్లోంచి ఇంత వింత బయటికొచ్చిందా అని క్షణంసేపు అబ్బురపడ్డాడు. ఆ వెంటనే కూతురి మాటలు గుర్తొచ్చాయి. ఇన్ఫెక్షన్! అదీ అక్క వచ్చే రోజున!

చెబితే కూతురు అక్కను ఇంటికి రానివ్వదు. చెప్పకుండా వెళితే రోగం అక్కకు అంటుకుంటుంది. ఆయన గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు.

"నేను రాను. మీరే వెళ్ళి తీసుకురండి."

"అదేంటి నాన్నా! ఎప్పుడు తెల్లారుతుందా అని కూర్చున్నావుగా?"

"రానన్నానా! ఆవిడకి ఆ చివరి గది ఇవ్వండి. ఇద్దరం ఎదురుపడకుండా చూడండి."

కూతురి ముఖం వాడిపోయింది. "అత్త ఇక్కడికి రావడం నాన్నకి ఇష్టం లేదండీ" అంది భర్తతో. అల్లుడు గొడవలంటే ఆమడ దూరం పరిగెత్తే మనిషి. తలుపు దగ్గరికెళ్ళి మెల్లిగా అడిగాడు: "మామయ్యగారూ, పోనీ ఆవిడకి వేరే ఇల్లు చూడమంటారా?"

"ఆవిడకెందుకు బాబూ, నాకు చూడు" అంటూ లోపల ఆయన వెక్కిళ్ళు పెట్టాడు.

అల్లుడికి ఏమీ పాలుపోలేదు. ఆస్పత్రికి ఫోన్ చేసి, "ఇవాళ తీసుకెళ్ళలేం. ఇంట్లో పెద్దాయన పరిస్థితి బాగాలేదు" అన్నాడు. అతను చెప్పింది ఆయన కోపం సంగతి. నర్సు అక్కకు చేరవేసింది మాత్రం, "మీ తమ్ముడి పరిస్థితి బాగాలేదటమ్మా" అని.

అక్క లేచి కూర్చుంది. దుప్పటి తోసేసి మంచం దిగింది. వార్డు వార్డంతా మాటలు ఆపేసి చూసింది. వ్యాయామం చేయించే అతను పరుగున వచ్చి చేతికర్ర అందిస్తే, దాన్ని అందుకుని దాంతోనే అతన్ని పక్కకి జరిపింది. ఆవిడ గుమ్మం దాటాక కూడా అతను నోరు తెరుచుకుని ఆ ఖాళీ మంచం వైపే చూస్తూ ఉండిపోయాడు. నర్సు పరిగెత్తి టాక్సీలో ఆవిడ పక్కన కూర్చుంది.

మెట్ల కింద చక్రాల కుర్చీని చూసి "దీన్నెవడు దారికడ్డంగా పెట్టాడు?" అని విసుక్కుంటూ ఆవిడ రెండంతస్తులూ ఎక్కేసింది. తలుపు తీసిన మేనకోడలు పక్కకి తప్పుకుంది. అక్క నేరుగా వెళ్ళి గది తలుపు మీద కర్రతో కొట్టింది.

"ఒరేయ్, తలుపు తియ్యి!"

"వద్దక్కా! దగ్గరికి రాకు. నాకేదో అంటుకుంది. అది నీకు తగిలితే నేను బతకలేను."

"జ్వరమా?"

"కాదు."

"దగ్గా?"

"కాదక్కా... పసుపు."

"పసుపేంట్రా?"

"ఆడవాళ్ళ ముందు చెప్పేది కాదు."

నర్సు గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పెద్దాయనా, విటమిన్ బిళ్ళలేమైనా వేసుకున్నారా?"

"నిన్న ఒకటి."

"అయితే అది రోగం కాదండీ. ఒళ్ళు తనకి కావలసింది ఉంచుకుని, మిగిలిన విటమిన్ని అలా పంపించేస్తుంది. అంతే."

కూతురు సీసాను కొంగు చాటుకు తీసుకుంటూ, "మరి ఈ బిళ్ళలతో ఇన్ఫెక్షన్లు రావంటారుగా?" అని గొణిగింది.

"వేళకి సరిగ్గా తినే పెద్దవాళ్ళలో ఇవి ఇన్ఫెక్షన్లు ఆపుతాయని గట్టిగా చెప్పలేమమ్మా. టీకాలు వేయించండి, చేతులు కడుక్కోండి."

గడియ తీసిన చప్పుడైంది. బయటికొచ్చిన డ్రైవరుగారు అక్క ముఖం చూశాడు. చూపు కిందికి దిగి ఆవిడ పాదాల దగ్గర ఆగిపోయింది.

"అక్కా... నిలబడ్డావు!"

అప్పుడు చూసుకుంది ఆవిడ. ఎవరి కాళ్ళనో చూస్తున్నట్టు తన కాళ్ళను చాలాసేపు అలాగే చూసింది. అల్లుడు తెలియకుండానే చేతులు జోడించాడు.

"నిలబడక చస్తానా? చచ్చిపోతున్నావన్నారు కదరా" అని ఆవిడ తమ్ముడి భుజం పట్టుకుంది. ఆయన ఏడుస్తూనే నవ్వాడు.

నర్సు ఫోన్ చేసి జరిగినదంతా డాక్టరుకి చెప్పింది. అంతా విని ఆయన, వార్డులో మంచం దిగనివాళ్ళలో తమ్ముళ్ళున్నవాళ్ళెవరో కనుక్కోమన్నాడు.