నోట్లో పుల్ల, మెడలో మాల

నాగరాణి పొద్దున లేవగానే చేసే మొదటి పని, లేవకపోవడం. కళ్లు తెరిచి, కాలు కదపకుండా, దిండు కిందికి చేయి పోనిచ్చి థర్మామీటర్ తీసి నాలుక కింద పెట్టుకుంటుంది. అది కీచుమనే దాకా లేవకూడదు, మాట్లాడకూడదు అని నల్లగొండ డాక్టరమ్మ చెప్పింది. ఆలోచించకూడదన్నది మాత్రం నాగరాణి సొంతంగా కలుపుకున్న షరతు. దాన్ని ఒక్కరోజూ పాటించలేకపోయింది.

పెళ్లయి మూడేళ్లు దాటింది. ఇద్దరికీ పరీక్షలు చేస్తే తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. "మందులకు అప్పుడే తొందరేంది, ముందు నీ ఒంటిని నువ్వు చదువుకో" అని డాక్టరమ్మ పద్ధతి నేర్పింది. ఈ నెల కూడా చూసి, కాకపోతే హైదరాబాద్ పెద్ద దవాఖానకు రాసిస్తానంది. ఆ దవాఖాన పేరు వింటేనే నాగరాణి మాట మార్చేస్తుంది. అందుకే ఈ నెల మీద పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు.

పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. నెలలో గర్భం నిలిచే రోజులు కొన్నే. అవి దగ్గర పడ్డప్పుడు కోడిగుడ్డు తెల్లసొనలా జారే తెలుపు కనిపిస్తుంది. అండం విడుదలయ్యాక ఒంటి వేడి రవ్వంత పెరుగుతుంది. పోచంపల్లి బస్సుల్లో తిరిగి పెద్దదైన పిల్ల కాబట్టి నాగరాణి దాన్ని తన భాషలోకి మార్చుకుంది. తెలుపు హారన్ లాంటిది. వేడి బస్సు వెనకుండే ఎర్రలైటు లాంటిది. ఎర్రలైటు చూసి పరుగెత్తేవాళ్లకు సీటు దొరకదు.

నిన్న హారన్ మోగింది.

పైగా ఇవాళ అత్తమామలిద్దరూ కట్టంగూర్‌లో చుట్టాలింట్లో లగ్గానికి వెళ్లి రేపు వస్తారు. ఇంటి ముందుగదిని మామ మగ్గం మింగేసింది. వెనక మిగిలిన రెండు గదుల్లో వీళ్ల గదికి తలుపు లేదు, పాత చీర పరదా ఉంది. అలాంటి ఇల్లు ఖాళీ కావడం, సరిగ్గా దానికి ముందు రోజే హారన్ మోగడం, ఉప్పల్‌లో ఒక కంపెనీలో అకౌంట్లు చూసే భర్త కృష్ణకాంత్‌కు సగం రోజు సెలవు దొరకడం. ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే నాగరాణి అనుభవంలో మూడు పనులు ఒకేసారి కుదిరాయంటే ఎక్కడో నాలుగోది చెడుతుంది.

చెడింది. లగ్గానికి కట్టుకునే చీర కోసం అత్త అండాలు పరదా తొలగించుకుని లోపలికి వచ్చింది. కోడలి నోట్లో థర్మామీటర్ ఉంది.

"నాగా, జరమా బిడ్డా?"

"మ్మ్" అంది నాగరాణి, కాదన్నట్టు. కాదన్నా అవునన్నా నోట్లో పుల్ల ఉన్నప్పుడు ఒకేలా వినిపిస్తుంది. అండాలు నుదుటి మీద చేయి వేసింది. సిగ్గుతో ఆ నుదురు అప్పటికే కాలిపోతోంది.

అండాలుకు ఇది మొదటిసారి కాదు. రెండు నెలలుగా దిండు కింద ఆ పుల్లను చూస్తూనే ఉంది. కోడలే చెబుతుందిలే అని ఊరుకుంది. ఇవాళ మాట కూడా రాక మూలుగుతుంటే ఇంకెక్కడి లగ్గం?

థర్మామీటర్ కీచుమంది. నాగరాణి దాన్ని తీసి, తనకు జ్వరం లేదని, ఊరికే చూసుకుంటున్నానని చెప్పింది. జ్వరం లేనివాళ్లు ఊరికే థర్మామీటర్ ఎందుకు చూసుకుంటారో అండాలుకు అర్థం కాలేదు. చదువుకున్న పిల్ల కాబట్టి నాగరాణి సాక్ష్యం చూపించబోయింది. ఫోన్ తెరిచి, రోజువారీ వేడి గీత చూపించి, ఎక్కడా జ్వరమనే హద్దు దాటలేదు చూడమంది.

నలభై ఏళ్లు మగ్గం దగ్గర దారం చూసిన కన్ను అండాలుది. ఆమెకు హద్దు కనిపించలేదు. చీర అంచు మీద గోపురాల్లా ఎక్కుతూ దిగుతూ పోయే గీత కనిపించింది. రెండు నెలల గీత.

"దినాం ఎక్కుతాంది, దినాం దిగుతాంది. గీ ఎర్రటియి ఏందే?"

అవి నెలసరి రోజులు. నాగరాణి ఫోన్ తన వైపు తిప్పుకుంది. "అవి... ఆఫీసుయి, అత్తమ్మా."

"నీ జరం ఆఫీసోల్లకెందుకే?"

నాగరాణి ఫోన్‌ను దిండు కిందికి తోసేసింది. దాచిపెట్టేసరికి రోగం పెద్దదని అండాలుకు ఖాయమైపోయింది. చీర మళ్లీ పెట్టెలోకి వెళ్లింది.

పక్కింటి సైదమ్మ చెవిలో పడితే ఇక ఏ విషయానికైనా రెక్కలొస్తాయి. ఆమె వచ్చి నాగరాణి కనురెప్ప కిందికి లాగి చూసి, నాలుక బయట పెట్టించి, చేయి పట్టుకుని కాసేపు ఎటో చూసింది. పైకి తెలియనిది లోపలి జ్వరమని, దవాఖాన మిషన్లకు అది అందదని తేల్చేసింది. తన మేనమామ కోడలికి ఇలాగే అయితే చివరికి గుట్ట నరసింహస్వామే దిక్కయ్యాడట. ఆ కోడలి పేరేమిటని నాగరాణి అడిగింది. పేరు గుర్తు లేదుగానీ జ్వరం మాత్రం గుర్తుందంది సైదమ్మ.

లగ్గానికి రావడం లేదని కట్టంగూర్‌కు ఫోన్ వెళ్లింది. ఎందుకని వాళ్లడిగారు, అండాలు చెప్పింది. పొద్దెక్కేసరికి పలకరించేవాళ్లు మొదలయ్యారు. జబ్బుపడ్డ ఇంటికి ఖాళీ చేతులతో రాకూడదు కాబట్టి ఒక్కొక్కరూ ఒక్కో బ్రెడ్డు ప్యాకెట్ తెచ్చారు. మగ్గం పక్కన చాప పరిచి నాగరాణిని పడుకోబెట్టారు. ఆమె ల్యాప్‌టాప్ తెచ్చుకుని పడుకునే ఉండి మీటింగ్‌లో చేరితే, చూడండమ్మా, ప్రాణం మీదికొచ్చినా పని చేయిస్తున్నారని వచ్చినవాళ్లు ఆఫీసును తిట్టిపోశారు. మైకు బంద్ చేయడం నాగరాణి మరిచిపోయింది. అవతల ఆమె మేనేజర్ తెలుగువాడే. వెంటనే సెలవు ఇచ్చేసి, త్వరగా కోలుకోవాలని రాశాడు.

మధ్యాహ్నానికి అండాలు కొడుక్కి ఫోన్ చేసింది. పెళ్లానికి రెండు నెలల నుంచి జ్వరం ఉన్న సంగతి నీకు తెలుసా అని నిలదీసింది. కృష్ణకాంత్ బల్ల చుట్టూ నలుగురు కూర్చుని ఉన్నారు. నిజం చెబితే వాళ్ల ముందు చెప్పాలి, అదీ అమ్మకు చెప్పాలి. కృష్ణకాంత్ చిన్నప్పటి నుంచి అమ్మ ముందు కష్టమైన ప్రశ్నలన్నిటికీ ఒక్కటే జవాబు ఇచ్చేవాడు.

"అవునమ్మా" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఇంట్లో అనుమానం రుజువైపోయింది. అండాలు అక్కడికక్కడే యాదగిరిగుట్ట దిక్కు తిరిగి దండం పెట్టింది. కోడలి జ్వరం తగ్గించమని, అందుకు ఈ ఇంటి మగమనిషి మాల వేసుకుని నలభై రోజులు నీ దీక్ష చేస్తాడని మొక్కింది. మొక్కడమే కాదు, మగ్గం గుంటలోంచి మామ భిక్షపతిని లేపి, కొడుకు కోసం మాల, కాషాయ బట్టలు తెమ్మని గుట్టకు తోలింది. నేస్తున్న చీరను సగంలో వదిలి ఆయన ఎప్పుడూ లేవలేదు. ఎందుకని అడిగే అలవాటు కూడా ఆయనకు లేదు. సాయంత్రం కల్లు వేళకు తిరిగి రాగలనా అని మాత్రం అడిగాడు.

విషయం తెలిశాక నాగరాణి చాప మీద నిటారుగా కూర్చుంది. మాల అంటే నేల మీద పడక, ఒంటిపూట భోజనం, బ్రహ్మచర్యం. నలభై రోజులంటే ఈ బస్సే కాదు, తర్వాతి బస్సు కూడా పోతుంది. భర్తకు మెసేజ్ మీద మెసేజ్ పెట్టింది. రావొద్దని ఒకటి, వెంటనే రమ్మని ఇంకొకటి, వచ్చినా ఇంట్లోకి రావొద్దని మరొకటి. అతను అప్పటికే బస్సులో ఉన్నాడు, ఫోన్‌లో చార్జింగ్ లేక ఒక్కటీ చూడలేదు.

అమ్మానాన్న లగ్గానికి వెళ్లే ఉంటారనుకుని సాయంత్రం కృష్ణకాంత్ హుషారుగా ఇంట్లో అడుగు పెట్టాడు. ఒక చేతిలో మల్లెపూలు, ఇంకో చేతిలో వేడి వేడి చికెన్ బిర్యానీ. ఎదురుగా చాప నిండా చుట్టాలు. మధ్యలో మాల పట్టుకుని వీధి చివరి గురుస్వామి. పక్కన కాషాయ బట్టలతో, కల్లు వేళ దాటిపోయిన ముఖంతో నాన్న.

"పోయి తానం చేసి రా కిట్టూ, మాల ఏస్తరు" అంది అండాలు. అంతలో ఆమె ముక్కు బిర్యానీని, కళ్లు మల్లెపూలను పట్టుకున్నాయి. "జరమొచ్చినదానికి బిర్యానీ ఎందుకురా? గా పూలెందుకు?"

కృష్ణకాంత్ పాత జవాబే ఇవ్వబోయాడు. అవునమ్మా అనేది ఈ ప్రశ్నకు అతకదని అతనికే తోచి మల్లెపూలు వెనక్కి దాచుకున్నాడు.

నాగరాణి లేచింది. లోపలి జ్వరం ఉన్న మనిషి అంత వేగంగా లేవడం చూసి సైదమ్మ వెనక్కి జరిగింది. నాగరాణి అత్త చేయి పట్టుకుని వెనక వాకిట్లో, అండాలు దారం చుట్టుకునే ఆసు దగ్గరికి తీసుకుపోయింది.

"అత్తమ్మా, నాకు జరం లేదు. పిల్లల కోసం చూస్తున్న. నెలల పనికొచ్చే దినాలు కొన్నే ఉంటయట. అవి ఎప్పుడొస్తయో ఎప్పుడు పోతయో తెలుసుకునేటందుకే గా పుల్ల."

అండాలు చేయి ఆసు మీది దారాన్ని వెతుక్కుంది.

"గా దినాలు ఎప్పుడు?"

"ఇయ్యాలనే."

"ఓర్నీ. పడుగును ఇంట్ల పెట్టి పేకను గుట్టకు తోలుతుంటి గదనే. చీరెట్లయితది?" అని, తన మొక్కు మీద తనకే కోపమొచ్చి కోడలి వైపు తిరిగింది. "పొద్దుగాల్నే చెప్పకపోతివి. నోరు లేదా?"

"నోట్ల పుల్లుండె, అత్తమ్మా."

అండాలు నవ్వలేదు. ఈ మూడేళ్లలో ఆమె ఒక్కసారైనా విశేషమేమన్నా ఉందా అని అడగలేదు. అత్తకు పట్టింపు లేదేమోనని నాగరాణి అనుకునేది. "అడిగితే నీ మనసు కష్టమైతదని అడగలే బిడ్డా" అంది అండాలు మెల్లగా. కొంగుతో ముఖం తుడుచుకుని ముందుగదిలోకి నడిచింది.

మొక్కిన మొక్కు తప్పకూడదు. కానీ అండాలు మొక్కింది ఇంటి మగమనిషి మాల వేసుకుంటాడని. ఏ మగమనిషో చెప్పలేదు. ఆమె ముందుగదిలోకి వచ్చి చుట్టూ చూసింది. ఇంట్లో ఉన్న మగమనుషులు ఇద్దరే.

"స్వామీ, మాల మా ఆయనకేయుండ్రి."

భిక్షపతి మొదటిసారి ఎందుకని అడిగాడు. జవాబు వచ్చేలోపే మెడలో మాల పడింది. దీక్షలో ఉన్నవాళ్లు ఇవాళ గుళ్లోనే పడుకుంటే మంచిదని అండాలు చెప్పింది. గురుస్వామి వద్దనలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లకు తలా ఒక బ్రెడ్డు ప్యాకెట్ చేతిలో పెట్టి సాగనంపింది. మానేసిన లగ్గానికి సైదమ్మను తోడు తీసుకుని బయలుదేరింది. రోగిని ఒంటరిగా వదిలి లగ్గానికేంటని సైదమ్మ దారి పొడవునా అడుగుతూనే ఉంది.

గడప దాటుతూ అండాలు బిర్యానీ కవర్ వైపు చూసింది. "సల్లారక ముందే తినుండ్రి" అంది.

రెండు రోజుల తర్వాత థర్మామీటర్‌లో ఎర్రలైటు కనిపించింది. ఈసారి నాగరాణి దిగులు పడలేదు. ఎక్కాల్సినవాళ్లు ఎక్కేశారు.

ఆ తర్వాత పెరిగిన వేడి పెరిగినట్టే ఉంటే మంచి కబురేనని ఆమె అత్తకు చెప్పింది. ఇక రోజూ పొద్దున పరదా బయట అండాలు నిలబడేది. కీచుమన్న చప్పుడు విన్నాకే అడిగేది.

"తగ్గిందా?"

"తగ్గలే, అత్తమ్మా."

"సల్లని మాట చెప్పినవు బిడ్డా" అని దేవుడి పటం ముందుకు వెళ్లేది. కల్లు లేక చిక్కిపోయిన భిక్షపతిని కూడా అదే మొక్కమని పురమాయించింది. ఆయన కాషాయం సర్దుకుంటూ కొంచెం నొచ్చుకున్నాడు. "మొన్న జరం తగ్గాలె అని మొక్కుమంటివి. ఇప్పుడు తగ్గొద్దని మొక్కుమంటున్నవు. దేవుని ముంగట నాకు ఇజ్జత్ ఉండద్దా?"

మాల తీసే రోజు నాటికి నల్లగొండ డాక్టరమ్మ కూడా అవునంది. హైదరాబాద్ దవాఖానకు చీటీ రాయాల్సిన పని పడలేదు. మూడో నెల పడేదాకా బయట చెప్పకూడదు కాబట్టి, ఎవరడిగినా కోడలికి జ్వరం అలాగే ఉందని అండాలు చెబుతూ వచ్చింది. నవ్వు ఆపుకోవడం మాత్రం ఆమెకు చేతకాలేదు.

కోడలికి జ్వరం తగ్గలేదని ఇంత సంబరపడే అత్తను ఏ ఊళ్లోనూ చూడలేదని సైదమ్మ ఇంటింటికీ చెప్పింది. విన్నవాళ్లంతా నాగరాణి మీద జాలిపడి మళ్లీ బ్రెడ్డు తెచ్చారు.