ఇరవై ఒకటికి తొమ్మిది

ఆ రోజు పొద్దున డిజైనరు పెట్టుకున్న పనులు రెండే. కొత్త మానిటర్ బిగించడం, పళ్ల డాక్టరుగారి కొత్త ఆసుపత్రి బోర్డు మధ్యాహ్నానికల్లా అచ్చుకి పంపడం.

ఆ మానిటర్ కోసం పదిహేను రోజులు కొట్టుకున్నాడు. వెడల్పు పదహారుకి ఎత్తు పదైతే పోస్టర్లకి ఎత్తు కలిసొస్తుంది, ఇరవై ఒకటికి తొమ్మిదైతే బొమ్మ పక్కనే పనిముట్లన్నీ పరుచుకోవచ్చు. రెండు కొలతల్లోనూ అట్టముక్కలు కత్తిరించి గోడకి అంటించాడు.

"నన్ను చేసుకోవడానికి ఇందులో సగం కూడా ఆలోచించలేదు మీరు," అంది భార్య.

చివరికి వెడల్పుదే కొన్నాడు. ఉద్యోగం మానేసి ఇంట్లో పని మొదలుపెట్టి రెండు నెలలైంది. ఈ బోర్డు నచ్చితే డాక్టరుగారి మిగతా మూడు ఆసుపత్రుల పనీ అతనిదే. నచ్చకపోతే పాత మేనేజరు ముందు మళ్లీ చేతులు కట్టుకుని నిలబడాలి. అది తలచుకుంటేనే అతనికి భయం వేసేది.

తీరా బిగించాక, పాత కంప్యూటరు అంత వెడల్పు బొమ్మ ఇవ్వలేకపోయింది. తెరకి రెండు పక్కలా నల్ల పట్టీలు మిగిలాయి. తరవాత చూద్దాంలే అని స్నానానికి వెళ్లాడు.

అంతలో అత్తగారు దుమ్ము తుడవడానికి వచ్చారు. ఆవిడ టూత్‌పేస్టు గొట్టాన్ని కత్తిరించి లోపల గీకే మనిషి. అంత తెర కొనుక్కుని రెండు పక్కలా ఖాళీగా వదిలేస్తే ప్రాణం ఒప్పలేదు. కింద మీటలు టీవీకి ఉన్నట్టే ఉన్నాయి. నాలుగు నొక్కులు నొక్కేసరికి బొమ్మ సాగి తెరంతా నిండింది.

అతను తిరిగొచ్చి, కంప్యూటరే సర్దుకుందనుకుని సంబరపడ్డాడు. తెర మీద భార్య ఫోటో ఉంది.

"ఏమండీ, నేనింత లావుగా ఉన్నానా?"

"మొన్న తీసిందే కదా," అన్నాడు పరధ్యానంగా.

భార్య మూతి ముడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

డాక్టరుగారి ఫోటో తెరిచాడు. బుగ్గలు చెవులు దాటిపోయాయి. ఫోటోగ్రాఫరు కొంప ముంచాడని తిట్టుకుంటూ బొమ్మని కుడి ఎడమల నుంచి నొక్కాడు. పన్ను గుర్తు బండగా కనిపిస్తే దాన్నీ నొక్కాడు. అనుమానం తీరక అత్తగారిని పిలిచాడు.

"ఇప్పుడు లక్షణంగా ఉన్నాడు బాబూ," అన్నారావిడ. పంపేశాడు.

సాయంత్రం బోర్డు ఎక్కించారు. దాని మీద డాక్టరు పుల్లలా ఉన్నాడు, పన్ను సూదిలా ఉంది. కింద అసలు డాక్టరుగారు గుండ్రంగా నిలబడి తలెత్తి చూస్తున్నారు. డిజైనరు పక్కకి వెళ్లి ఇంటికి ఫోన్ చేశాడు.

"అత్తయ్యగారూ, మానిటర్ ఎవరైనా ముట్టుకున్నారా?"

"నేనే బాబూ! అంత తెరా దండగైపోతోందని నిండుగా చేశాను. బాగుంది కదూ?"

మూడు ఆసుపత్రులూ పోయినట్టే.

"డాక్టరుగారూ, తప్పు నాదే. మా కంప్యూటరు బొమ్మని తప్పుగా చూపించింది. రేపటికల్లా మార్చేస్తాను."

"మార్చావంటే ఊరుకోను!" అన్నాడాయన బోర్డు మీంచి చూపు తిప్పకుండా.

పక్కనే ఆయన భార్య కళ్లు తుడుచుకుంటోంది. "పెళ్లినాటి మొహమండీ!"

"మిగతా మూడూ కూడా ఆ కంప్యూటరు మీదే చెయ్యవయ్యా. ఇంకోటి ముట్టుకోకు," అన్నాడు డాక్టరు.

డిజైనరు ఇంటికెళ్లి, నల్ల పట్టీలు వెనక్కి తెచ్చి, ముందు భార్యకి ఆమె ఫోటో చూపించాడు. అప్పటికి గానీ ఆమె అలక తీరలేదు.

కొత్త ఆసుపత్రి బాగానే నడుస్తోంది. బోర్డు చూసి లోపలికొచ్చినవాళ్లు మాత్రం, డాక్టరుగారు ఎప్పుడొస్తారని డాక్టరుగారినే అడుగుతున్నారు.