ఉపవాస ప్రార్థనలో ఉపేంద్ర సారు

ఆ శుక్రవారం పొద్దున యెహెజ్కేలు పెట్టుకున్న పని ఒకటే. భార్య రూబీ పక్కనే ఉన్న చర్చికి ఉపవాస ప్రార్థనకని వెళ్ళగానే తలుపు గడియ వేసుకుని, ఫోన్లో మైండ్‌ఫుల్‌నెస్ క్లాసుకు కూర్చోవడం. నాలుగేళ్ళుగా కీళ్ళవాతం అతని వేళ్ళను వదలడం లేదు. నొప్పికి మందులు సరే, మనసులో దిగులుకు ఈ క్లాసు వినమని ఎల్బీనగర్ డాక్టరమ్మ చెప్పింది. జబ్బు సంగతి రూబీకి తప్ప మూడో కంటికి తెలియదు. తెలిస్తే చర్చిలో తాను వాయించే డోలక్ ఇంకొకరి ఒళ్ళోకి పోతుంది. అది లేకపోతే తాను దేనికి పనికొస్తాడో అతనికే తెలియదు.

క్లాసు చెప్పే ఉపేంద్ర పెదవులు కదులుతున్నాయి గానీ మాట వినబడటం లేదు. పైగా గోడ అవతల చర్చిలో ఏదో గొంతు రొద పెడుతోంది. యెహెజ్కేలు విసుక్కుని సౌండు చివరికంటా పెంచాడు. ఆదివారం పాటలకు చర్చి స్పీకర్లను బ్లూటూత్‌లో కలిపేది తన ఫోనుతోనే. అవతల ఎవరో స్విచ్ వేయగానే అది అలవాటు కొద్దీ వాటికి అంటుకుపోయిందని ఆ మహానుభావుడికి తట్టలేదు.

కళ్ళు మూసుకుని మోకరించిన ఇరవైమంది ఆడవాళ్ళకు పైనుంచి మెత్తని మగ గొంతు వినిపించింది. "మీ నొప్పి నాకు తెలుసండీ. భుజాలు వదిలేయండి. నెమ్మదిగా ఊపిరి తీసుకోండి."

ఇరవైమందీ భుజాలు వదిలేశారు. ముసలి ఈరమ్మకైతే ఒళ్ళు జలదరించింది. దేవుడు తనను 'అండీ' అంటాడని ఆమె ఏనాడూ అనుకోలేదు.

"యెహెజ్కేలు గారూ, డోలక్ ముట్టుకుంటే ప్రాణం పోతోందన్నారు కదా. వేళ్ళు ఇప్పుడెలా ఉన్నాయండీ?"

రూబీ పరుగున వచ్చి తలుపు బాదింది. "జర ఫోన్ బంద్ చెయ్యి. సారు మాటలన్నీ స్పీకర్లల్ల ఒస్తున్నయి."

యెహెజ్కేలు గడియ తీశాడు. వంగని వేళ్ళతో ఒకటి నొక్కబోతే ఇంకొకటి పడింది. రూబీ ఫోను లాక్కుని ఆపేసేసరికి గుమ్మం నిండా ఆడవాళ్ళే.

యెహెజ్కేలు డోలక్ తెచ్చి ఈరమ్మ ముందు పెట్టాడు. "తప్పైంది పెద్దమ్మా. నాతోని అయితలేదు. ఇంకెవరికన్న ఇయ్యుండ్రి."

ఈరమ్మ దాని వంక కూడా చూడలేదు. "గీ ముచ్చట మాకు కొత్తనా బిడ్డా? రెండేండ్ల సంది నువ్వు తాళం తప్పినప్పుడల్ల మేమే గట్టిగ చప్పట్లు కొట్టి పాట నడిపిస్తున్నం. పరేషాన్ అయితవని ఎవ్వరం అనలే."

యెహెజ్కేలు కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"గది సరే గని," ఈరమ్మ గొంతు తగ్గించింది, "గా సారు మళ్ల ఎప్పుడు మాట్లాడ్తడు? నా మోకాళ్లు నొప్పి తగ్గి జర హల్కగైనయి."

ఈ బ్యాచ్‌లో మధ్యలోనే ఫోను పెట్టేసిన యెహెజ్కేలు ఒక్కడి మీదే క్లాసు పనిచేయడం లేదని ఆ సాయంత్రం ఉపేంద్ర డాక్టరమ్మకు రాసి పంపాడు.